ఐదుగురితో, ఏసీ వేసుకుని ఘాట్ ఎక్కే చిన్న కారు కావాలంటే: విశాఖలో హ్యాచ్‌బ్యాక్ ఎంచుకునే పద్ధతి

మా పాత బండి 800 సీసీది. నేనూ మా ఆవిడా ఇద్దరమే ఉన్న రోజుల్లో దానితో ఏ ఇబ్బందీ రాలేదు. సీతమ్మధార నుంచి జగదాంబకి, ఆదివారం సాయంత్రం భీమిలి దాకా, ఏడాదికి రెండు మూడు సార్లు శ్రీకాకుళం దగ్గర మా ఊరికి. తర్వాత పాప పుట్టింది, అమ్మానాన్నా ఊరొదిలి మా దగ్గరికి వచ్చేశారు, బండి మాత్రం అదే. ఒక మే నెల శనివారం ఐదుగురం సింహాచలం బయల్దేరాం. ఘాట్‌లో ఒక మలుపు దగ్గర ముందున్న బస్సు ఆగితే దాని వెనక నేనూ ఆగాను. బస్సు కదిలింది, నా బండి కదల్లేదు. ఫస్ట్ గేర్ వేసి హాఫ్ క్లచ్‌లో యాక్సిలరేటర్ మొత్తం తొక్కినా ఇంజిన్ ఒణికి ఆగిపోయింది, బండి అడుగున్నర వెనక్కి జారింది, వెనక సీట్లో అమ్మ స్వామిని తలుచుకోవడం వినిపిస్తూనే ఉంది. నాన్న గబుక్కున దిగి రోడ్డు పక్కనుంచి ఒక రాయి తెచ్చి వెనక చక్రానికి అడ్డం పెట్టారు. ఏసీ ఆపేసి, అమ్మ ఒక్కదాన్నీ బండిలో ఉంచి, మిగతా ముగ్గురూ దిగి నడిస్తే అప్పుడు ఎక్కింది. డెబ్భై దాటిన మనిషి మే ఎండలో పాప చెయ్యి పట్టుకుని ఆ ఎత్తు నడిచి రావడం నేను అద్దంలో చూశాను. పైన పార్కింగ్‌లో బండి ఆపాక క్లచ్ కాలిన వాసన దర్శనం చేసుకుని వచ్చేదాకా పోలేదు.

ఆ తర్వాత కొత్త బండి కోసం నాలుగు నెలలు తిరిగాను. నేర్చుకున్నదంతా ఒక వరసలో పెడుతున్నాను, ఎందుకంటే మన ఊరు చదునుగా ఉండదు. కొండలు ఊరి మధ్యలోనే ఉన్నాయి, సముద్రం పక్కనే ఉంది, అపార్ట్‌మెంట్ సెల్లార్లు ఇరుకు. వేరే ఊరివాళ్ళు బాగుందన్న కారు ఇక్కడ బాగుండకపోవచ్చు.

1. ముందు మీ ఇంటి లెక్క రాసుకోండి

షోరూంకి వెళ్ళకముందే ఒక కాగితం మీద ఇవి రాయండి. నెలలో ఎన్నిసార్లు బండిలో నలుగురికి మించి ఎక్కుతారు? వాళ్ళలో మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళు ఎంతమంది? ఏడాదిలో ఎన్నిసార్లు సింహాచలం, అరకు, లంబసింగి లాంటి చోట్లకు వెళ్తారు? రోజూ ఆఫీసుకి ఎంత దూరం, అది మధురవాడ నుంచి సిరిపురమా, కూర్మన్నపాలెం నుంచి డాబాగార్డెన్సా? బండి ఎక్కడ పెడతారు? ఏడాదికి ఎన్ని కిలోమీటర్లు?

రాస్తే ఒక విషయం బయటపడుతుంది. చాలామంది రోజువారీ మైలేజీ గురించే ఆలోచించి చిన్న ఇంజిన్ తీసుకుంటారు. మీరు రోజూ ఒక్కరే 12 కిలోమీటర్లు వెళ్ళొచ్చే మనిషి అయితే 1.0 లీటరుకీ 1.2 లీటరుకీ నెలకి తేడా కొన్ని వందల రూపాయలే. ఆ కాస్త మిగుల్చుకోవడానికి ఇంట్లోవాళ్ళని ఘాట్‌లో దింపే పరిస్థితి తెచ్చుకోకూడదని నా గట్టి అభిప్రాయం. అదే ఇంట్లో ఇద్దరే ఉండి, అరకు వెళ్ళాలంటే కిరండూల్ రైలెక్కే వాళ్ళయితే 1.0 లీటరు హాయిగా సరిపోతుంది, ఎక్కువ డబ్బు పెట్టకండి.

2. పవర్ లెక్క: బ్రోషర్ అంకెని ఎలా చదవాలి

ఇక్కడ కాస్త ఓపిగ్గా చదవండి, అసలు కిటుకంతా ఇందులోనే ఉంది.

బ్రోషర్‌లో రెండు అంకెలుంటాయి. ఒకటి పీఎస్, అంటే హార్స్‌పవర్ అనుకోండి, తేడా చాలా స్వల్పం. రెండోది న్యూటన్ మీటర్లలో టార్క్, మనం "లాగుడు" అంటామే అది. రెండింటి పక్కనా ఆర్‌పీఎం, అంటే ఇంజిన్ నిమిషానికి ఎన్నిసార్లు తిరిగినప్పుడు ఆ బలం వస్తుందో, ఉంటుంది, దాన్ని ఎవరూ చూడరు. కొత్త స్విఫ్ట్ తీసుకోండి: సుమారు 82 పీఎస్, అది 5,700 ఆర్‌పీఎం దగ్గర. టార్క్ 112, అది 4,300 దగ్గర. బెలెనోలో 90 పీఎస్, 113 టార్క్, అదీ 4,400 దగ్గరే. మరి ఘాట్‌లో సెకండ్ గేర్‌లో గంటకి ఇరవై కిలోమీటర్ల వేగంతో వెళ్తుంటే ఇంజిన్ తిరిగేది దాదాపు 1,500కీ 2,000కీ మధ్య. అంటే బ్రోషర్‌లో రాసిన బలంలో కొంత భాగమే మీకు అక్కడ అందుతుంది. అందుకే మామూలు పెట్రోల్ ఇంజిన్‌తో ఎత్తు ఎక్కేటప్పుడు గేర్ తగ్గించి ఇంజిన్‌ని 3,000 పైన తిరగనివ్వాలి. శబ్దం వస్తుందని భయపడి టాప్ గేర్‌లోనే నెట్టుకొస్తే ఇంజిన్‌కి అది ఇంకా కష్టం.

ఇక బరువు. ఐదుగురు పెద్దవాళ్ళు, మనిషికి 65 కిలోల చొప్పున 325. సామాను ఒక 40. మొత్తం 365 కిలోలు. చిన్న కారు ఖాళీ బరువు ఎనిమిది తొమ్మిది వందల కిలోలు, అంటే మీరు దాని మీద ఇంకో నలభై శాతం బరువు వేస్తున్నారు. పెద్ద ఎస్‌యూవీకి ఈ 365 ఒక లెక్క కాదు, చిన్న కారుకి చాలా పెద్ద లెక్క.

ఇప్పుడు నేను వేసుకున్న లెక్క చెప్తాను. కారు పీఎస్‌ని, మనుషులతో కలిపిన మొత్తం బరువుతో (టన్నుల్లో) భాగించండి. వ్యాగన్ఆర్ తీసుకుందాం, బండి బరువు సుమారు 830 కిలోలు అనుకుందాం. 1.0 లీటరు ఇంజిన్‌కి 67 పీఎస్. ఐదుగురితో 1,195 కిలోలు, టన్నుకి 56 వచ్చింది. అదే బండి 1.2 లీటరుతో 90 పీఎస్, టన్నుకి 75. ఇప్పుడు 1.0 బండిలో మీరొక్కరే కూర్చుంటే? 67ని 0.895తో భాగిస్తే అదీ 75. షోరూంవాళ్ళు మిమ్మల్ని ఒక్కర్నే కూర్చోబెట్టి తిప్పినప్పుడు "పికప్ బానే ఉందే" అనిపించడానికి కారణం ఇదే. ఒక్కరికి బాగున్న బండి ఐదుగురికి వేరే బండి అయిపోతుంది. ఇదే లెక్కలో ఐదుగురితో స్విఫ్ట్‌కి 64, బెలెనోకి 69 చొప్పున వస్తాయి. మా పాత బండికి 45 దగ్గర వచ్చింది, అది ఎందుకు ఎక్కలేదో అప్పుడు అర్థమైంది. నా మట్టుకు నేను, నిండుగా ఎక్కించాక టన్నుకి 60 కంటే తక్కువ వచ్చే బండిని ఘాట్లకు వెళ్ళే కుటుంబానికి వద్దంటాను. ఇది నా అనుభవం మీద పెట్టుకున్న గీత, ఏ కంపెనీవాళ్ళూ పెట్టింది కాదు.

ఏసీ కంప్రెసర్ కూడా ఇంజిన్ బలంతోనే తిరుగుతుంది, చిన్న ఇంజిన్ మీద ఆ బరువు బాగా తెలుస్తుంది. మే నెలలో విశాఖ ఉక్కలో ఏసీ ఆపుకుని వెళ్ళండని చెప్పడం సలహా కాదు కాబట్టి, ఏసీ ఎప్పుడూ వేసే ఉంటుందనే లెక్కేసుకోండి. ఇంకొకటి, అరకు సముద్ర మట్టానికి 900 మీటర్ల పైన ఉంది. టర్బో, అంటే గాలిని ఒత్తి ఇంజిన్‌లోకి నెట్టే పరికరం, లేని ఇంజిన్‌కి ప్రతి వంద మీటర్లకీ సుమారు ఒక శాతం బలం తగ్గుతుంది, పైన గాలి పలచబడుతుంది కాబట్టి. అనంతగిరి దాటేసరికి మీ 82 పీఎస్ బండి 75 పీఎస్ బండిలా నడుస్తుంది.

3. ఏ ఇంజిన్, ఏ ఇంధనం

టర్బో పెట్రోల్‌కి ఘాట్‌లో తిరుగులేదు. ఐ20 ఎన్ లైన్‌లో 1.0 లీటరు టర్బోకి 120 పీఎస్, 172 టార్క్, ఆ టార్క్ 1,500 ఆర్‌పీఎం నుంచే మొదలవుతుంది. సిట్రోయెన్ సీ3 టర్బో 110 పీఎస్, మాన్యువల్‌లో 190 టార్క్, అది 1,750 దగ్గర. సెకండ్ గేర్‌లో ఇరవైలో వెళ్తున్నప్పుడు ఇంజిన్ ఎక్కడ తిరుగుతుందో అక్కడే వాటి బలం దొరుకుతుంది, అదీ తేడా. ధర ఎక్కువ, కాలు బరువైతే మైలేజీ పడిపోతుంది, ఆయిల్ సమయానికి మార్చడంలో బద్ధకం పనికిరాదు.

డీజిల్‌లో మిగిలిన హ్యాచ్‌బ్యాక్ దాదాపు ఆల్ట్రోజ్ ఒక్కటే. 90 పీఎస్, 200 టార్క్, అదీ 1,250 ఆర్‌పీఎం నుంచే. ఐదుగురితో అరకు, ఒడిశా వైపు తరచూ తిరిగేవాళ్ళకి ఇంతకంటే మంచిది లేదనే అంటాను. కానీ రోజూ ఎంవీపీ నుంచి ఆశీల్‌మెట్టకి నాలుగు కిలోమీటర్లు తిప్పేవాళ్ళు దీని జోలికి వెళ్ళొద్దు. బీఎస్6 (ఇప్పటి కాలుష్య నియమాల) డీజిల్ బండికి పొగలోని మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది, అది శుభ్రపడాలంటే బండి అప్పుడప్పుడు హైవే మీద ఆగకుండా పరిగెత్తాలి. లేకపోతే వార్నింగ్ లైటు వెలగడం, సర్వీస్ సెంటర్ చుట్టూ తిరగడం.

సీఎన్‌జీ ఖర్చు తగ్గిస్తుంది, బలాన్నీ తగ్గిస్తుంది. బెలెనో పెట్రోల్‌లో 90 పీఎస్ అయితే సీఎన్‌జీ మీద 77.5, టార్క్ 113 నుంచి 98.5. వ్యాగన్ఆర్ సీఎన్‌జీ 57 పీఎస్. పైగా సిలిండర్ డిక్కీని మింగేస్తుంది. టాటావాళ్ళు ఒక పెద్ద సిలిండర్ బదులు రెండు చిన్నవి కింద పడుకోబెట్టడంతో టియాగో, ఆల్ట్రోజ్ సీఎన్‌జీల్లో సూట్‌కేసు పట్టే చోటు మిగిలింది, అది నిజంగా మంచి పని. సీఎన్‌జీ తీసుకుంటే ఘాట్ మొదలయ్యే చోట పెట్రోల్‌కి మార్చుకోండి, స్విచ్ నొక్కితే చాలు.

ఎలక్ట్రిక్ మోటార్ మొదటి అంగుళం నుంచే పూర్తి బలంతో లాగుతుంది, సెల్లార్ ర్యాంప్ మీద దాని సుఖం చూస్తే ముచ్చటేస్తుంది. మీ అపార్ట్‌మెంట్ సంఘం మీ స్లాటులో చార్జింగ్ పాయింట్ పెట్టుకోనిస్తుందో లేదో ముందు రాతపూర్వకంగా తేల్చుకోండి, తర్వాతే బండి మాట.

4. గేర్‌బాక్స్

మాన్యువల్ అయితే క్లచ్ ఎంత తేలిగ్గా ఉందో చూడండి. ఎన్‌ఏడీ కొత్తరోడ్డు నుంచి గాజువాక దాకా సాయంత్రం ట్రాఫిక్‌లో ఒకసారి వెళ్తే ఎడమ మోకాలే జవాబు చెప్తుంది. ఏఎంటీ అంటే మాన్యువల్ గేర్‌బాక్స్‌నే ఒక యంత్రం మీ బదులు మార్చడం. ఊళ్ళో బాగుంటుంది, ధర తక్కువ, కానీ ఎత్తులో గేర్ మారే ఆ క్షణం బండి ఊపిరి బిగబట్టినట్టు ఆగుతుంది. ఘాట్‌లో దాన్ని మాన్యువల్ మోడ్‌లోకి తెచ్చి సెకండ్‌లో ఉంచేస్తే ఆ బాధ ఉండదు. ఏఎంటీ తీసుకుంటే హిల్ హోల్డ్ ఉన్న వేరియంటే తీసుకోండి, బ్రేక్ మీద నుంచి కాలు తీశాక రెండు సెకన్ల పాటు బండిని జారకుండా పట్టి ఉంచుతుంది. సీవీటీ అనే ఆటోమేటిక్‌లో విడివిడి గేర్లే ఉండవు కాబట్టి అది అన్నిటికంటే మృదువు. పెద్దవాళ్ళు వెనక కూర్చుంటే వాళ్ళకి కుదుపు తెలియదు.

5. చోటు: లీటర్లు కాదు, మీ మనుషులు, మీ సామాను

వెనక సీటు పరీక్ష ఇలా చేయండి. ముందు డ్రైవర్ సీటు మీకు సరిపడా జరుపుకుని, దిగి, సరిగ్గా దాని వెనకే కూర్చోండి. మోకాలికీ ముందు సీటుకీ మధ్య నాలుగు వేళ్ళు పట్టాలి. పాదాలు ముందు సీటు కిందకి వెళ్ళాలి. తొడల కింద సీటు ఆనాలి, ఆనకపోతే మోకాళ్ళు పైకి లేచి గంట ప్రయాణానికే నడుము లాగేస్తుంది. తల పైన ఎంత ఉందో చూడండి. ఇలా ఒకసారి కాకుండా పది నిమిషాలు కూర్చుని చూడండి, సేల్స్ కుర్రాడు కంగారు పెట్టినా లేవకండి.

పెద్దవాళ్ళున్న ఇంట్లో అన్నిటికంటే ముఖ్యం సీటు ఎత్తు. నేను మా అమ్మని మూడు కార్లలో కూర్చోబెట్టి చూశాను. మొదటి దాంట్లో ఆమె తలుపు పైభాగం పట్టుకుని, వంగి, దాదాపు పడిపోయినట్టు కూర్చుంది, దిగేటప్పుడు రెండు చేతులూ పట్టి లేపాల్సి వచ్చింది. రెండోదీ అంతే. వ్యాగన్ఆర్‌లో మాత్రం కుర్చీలో కూర్చున్నట్టు కూర్చుని, "ఇది బాగుందిరా, దిగేటప్పుడు నీ చెయ్యి అక్కర్లేదు" అంది. ఆ బండి ఎత్తు 1,675 మిల్లీమీటర్లు, బెలెనో, స్విఫ్ట్ లాంటివి 1,500 దగ్గర ఉంటాయి. ఆ ఏడంగుళాల తేడా మోకాళ్ళకి తెలుస్తుంది. ఆల్ట్రోజ్ తలుపులు తొంభై డిగ్రీలు తెరుచుకుంటాయి, ఇరుకు చోట కాకపోతే అదీ మేలే.

మరి వెడల్పు దగ్గర లెక్క తిరగబడుతుంది. వ్యాగన్ఆర్ బయటి వెడల్పు 1,620 మాత్రమే, వెనక ముగ్గురు పెద్దవాళ్ళు భుజాలు ఒరుసుకుంటూ కూర్చోవాలి. బెలెనో 1,745, ఆల్ట్రోజ్ 1,755, ఐ20 1,775. మీకు వెనక ఎప్పుడూ ముగ్గురు పెద్దలుంటే ఈ మూడింట్లోంచే చూడండి. ఇద్దరు పెద్దలు, మధ్యలో ఒక పిల్ల అయితే వ్యాగన్ఆర్ చాలు. వెనక్కి ఏసీ గాలి వచ్చే గొట్టాలున్నాయో లేదో చూడటం మరిచిపోవద్దు. మన ఊరి ఉక్కకి వెనక కూర్చున్న ముసలివాళ్ళూ పిల్లలూ ముందు అలిసిపోతారు.

డిక్కీ విషయంలో కాగితం మీద ఆల్ట్రోజ్ 345 లీటర్లు, వ్యాగన్ఆర్ 341, బెలెనో 318, సీ3 315, ఐ20 311, స్విఫ్ట్ 265, గ్రాండ్ ఐ10 నియోస్ 260, టియాగో 242. కానీ లీటర్లు ఆకారం చెప్పవు. వ్యాగన్ఆర్ డిక్కీ లోతు తక్కువ, ఎత్తు ఎక్కువ, సామాను ఒకదాని మీద ఒకటి పేర్చాలి. నేను షోరూంకి ఇంట్లో ఉన్న పెద్ద సూట్‌కేసు పట్టుకెళ్ళాను. మీరూ పట్టుకెళ్ళండి. ఊరి నుంచి వచ్చేటప్పుడు 25 కిలోల బియ్యం బస్తా, కొబ్బరికాయల సంచి, సీజన్‌లో పనసకాయ వేసుకొచ్చే ఇల్లయితే డిక్కీ అంచు ఎంత ఎత్తులో ఉందో చూడండి. అంచు నడుము ఎత్తున ఉండి లోపల గొయ్యిలా ఉంటే బస్తా ఎక్కించేటప్పుడూ దించేటప్పుడూ రెండుసార్లు వెన్ను పట్టేస్తుంది.

ఇక మీ సెల్లార్. టేప్ తీసుకుని మీ పార్కింగ్ స్లాటులో రెండు స్తంభాల మధ్య దూరం కొలవండి. అద్దాలు మడిచాక బండి వెడల్పు, దానికి అటూ ఇటూ తలుపు తెరిచే చోటు. మా స్లాటుకి ఒక పక్క స్తంభం, ఇంకో పక్క పొరుగువాళ్ళ బండి, ఐ20 నాకు ఎంత నచ్చినా అక్కడ అమ్మ దిగే చోటు మిగల్లేదు, కాబట్టి జాబితాలోంచి తీసేశాను. నిండా ఎక్కినప్పుడు ర్యాంప్ మొదట్లోనూ చివర్లోనూ కింద గీసుకోకుండా ఉండాలి. గ్రౌండ్ క్లియరెన్స్, అంటే బండి అడుగుకీ నేలకీ మధ్య ఎత్తు, స్విఫ్ట్‌కి 163, బెలెనోకి 170. ఆ ఏడు మిల్లీమీటర్లు చిన్నవిలా కనిపిస్తాయి కానీ నిటారు ర్యాంపున్న పాత అపార్ట్‌మెంట్లలో తేడా తెలుస్తుంది.

6. జాబితా కుదించండి

ఇంతదాకా వచ్చాక మూడు కార్లకి మించి మిగలకూడదు. నా అభిప్రాయాలు ఇవి, మీ ఇంటి లెక్కతో సరిచూసుకోండి. పెద్దవాళ్ళున్న నలుగురైదుగురి ఇల్లు, ఇరుకు సెల్లార్: వ్యాగన్ఆర్ 1.2, 1.0 వద్దు. వెనక ముగ్గురు పెద్దలు, హైవే ప్రయాణాలు ఎక్కువ: బెలెనో, లేదా దాని కవల టయోటా గ్లాంజా, ఇంజిన్ ఒకటే కాబట్టి ఏది త్వరగా, మంచి ధరకి దొరికితే అది. దిట్టమైన బాడీ, పెద్ద డిక్కీ ముఖ్యమైతే ఆల్ట్రోజ్, 2020లో గ్లోబల్ ఎన్‌క్యాప్ క్రాష్ టెస్టులో ఐదు స్టార్లు తెచ్చుకున్న బండి. దాని పెట్రోల్ ఇంజిన్ 88 పీఎస్ అయినా బండి బరువెక్కువ, ఘాట్‌లో గేర్ తగ్గించక తప్పదు. ఇద్దరు ముగ్గురుండి నడపడంలో సరదా కావాలంటే స్విఫ్ట్. బడ్జెట్ గట్టిగా ఉంటే టియాగో, 86 పీఎస్ దానికి చాలు, డిక్కీ ఒక్కటే చిన్నది. టర్బో కావాలని గట్టిగా ఉంటే ఐ20 ఎన్ లైన్. సీ3 టర్బో లాగుడు నాకు చాలా నచ్చింది, కొనేముందు సర్వీస్ సెంటర్ మీకు ఎంత దూరమో, విడిభాగాలు ఎన్ని రోజుల్లో వస్తాయో పాత కస్టమర్లని అడగండి.

7. టెస్ట్ డ్రైవ్: ఇంటిల్లిపాదితో, ఎత్తు మీద

ఒక షోరూంలో నన్ను బీచ్ రోడ్డులో తిప్పి తీసుకొచ్చారు. చదునైన రోడ్డు, నేనూ సేల్స్ అబ్బాయీ ఇద్దరమే, తిరిగొచ్చాక చూస్తే ఏసీ ఆపి ఉంది. "సార్, పికప్ ఎలా ఉంది?" అన్నాడు. అలాంటి డ్రైవ్ మీద ఆరేడు లక్షల నిర్ణయం తీసుకోకండి.

ఇంటికే బండి తెమ్మని అడగండి, చాలామంది తెస్తారు. వచ్చే ముందే ఫోన్లో చెప్పండి: "మేం ఐదుగురం ఎక్కుతాం, ఎత్తు మీదికి తీసుకెళ్తాం." వాళ్ళ మనిషి కూడా బండిలో ఉంటాడు కాబట్టి మీవాళ్ళు నలుగురే ఎక్కినా లెక్క సరిపోతుంది. మధ్యాహ్నం పెట్టుకోండి, ఏసీ సంగతి అప్పుడే తెలుస్తుంది. మొదట మీ సెల్లార్ ర్యాంప్‌లోంచి నిండా ఎక్కి బయటికి రండి, ర్యాంప్ మధ్యలో ఆపి మళ్ళీ కదిలించండి. తర్వాత మీకు దగ్గరున్న ఎత్తు: కైలాసగిరి పైకి వెళ్ళే రోడ్డు, సింహాచలం ఘాట్, సింధియా వైపు వాళ్ళకి యారాడ కొండ. అక్కడ ఎత్తు మీద, వెనక ఎవరూ లేరని చూసుకుని, పూర్తిగా ఆగి హ్యాండ్‌బ్రేక్ వేసి మళ్ళీ బయల్దేరండి. ఇంజిన్ ఎంత అరిచింది, క్లచ్ వాసన వచ్చిందా, బండి వెనక్కి ఎంత జారింది, ఈ మూడూ గమనించండి. ఇదొక్కటి చేస్తే చాలు, నేను నాలుగు నెలల్లో నేర్చుకున్నది మీకు పది నిమిషాల్లో తెలిసిపోతుంది.

దిగేటప్పుడు సెకండ్ గేర్‌లో బ్రేక్ ఎక్కువ తొక్కకుండా దిగండి, ఇంజిన్ బండిని ఎంత పట్టి ఉంచుతుందో చూడాలి. తర్వాత హనుమంతవాక దాటి మధురవాడ వైపు హైవే మీద థర్డ్ గేర్‌లో 40 నుంచి 70కి ఎంత చప్పున వెళ్తుందో చూడండి. ఎస్.కోట రోడ్డు మీద ఎదురుగా వచ్చే బండిని చూసుకుని లారీని దాటాల్సి వచ్చినప్పుడు పనికొచ్చే బలం అది. ఒకసారి స్టీరింగ్ ఇంట్లో ఇంకొకరికి ఇచ్చి మీరు వెనక కూర్చోండి. స్పీడ్ బ్రేకర్ మీద వెనకవాళ్ళకి ఎంత కుదుపు వస్తుందో ముందు కూర్చుంటే తెలియదు.

8. భద్రత గురించి రెండు మాటలు

ఆరు ఎయిర్‌బ్యాగులున్నాయా, వెనక మధ్యలో కూర్చున్నవాళ్ళకి కూడా మూడు పాయింట్ల బెల్టు ఉందా, మలుపుల్లో బండి జారకుండా చూసే ఈఎస్‌పీ ఉందా. ఘాట్లకి వెళ్ళే ఇంటికి ఈ మూడోది తప్పనిసరి. సన్‌రూఫ్ ఉన్న వేరియంట్‌కీ ఇవన్నీ ఉన్న వేరియంట్‌కీ మధ్య ఎంచుకోవలసి వస్తే రెండోసారి ఆలోచించకండి. వెనకవాళ్ళు బెల్టు పెట్టుకోవడం మొదటి రోజు నుంచే అలవాటు చేయండి.

9. ధర, కాగితాలు

2025 సెప్టెంబర్ 22 నుంచి నాలుగు మీటర్ల లోపు పొడవు, 1,200 సీసీ లోపు పెట్రోల్ ఇంజిన్ ఉన్న కార్ల మీద జీఎస్టీ 18 శాతమే. అంతకుముందు సెస్సుతో కలిపి 29 శాతం ఉండేది. పాత కొటేషన్ పట్టుకుని బేరమాడకండి, కొత్తది రాయించుకోండి. ఆ కాగితంలో ఎక్స్ షోరూం ధర, లైఫ్ ట్యాక్స్, ఇన్సూరెన్స్, రిజిస్ట్రేషన్, యాక్సెసరీలు విడివిడిగా ఉండాలి. ఇన్సూరెన్స్ షోరూంలోనే తీసుకోవాలన్న నిబంధన లేదు, బయట కొటేషన్ తెచ్చి చూపిస్తే చాలాసార్లు వాళ్ళే తగ్గిస్తారు. కొత్త కారుకి థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ మూడేళ్ళకి ఒకేసారి కట్టాలి, 2018 సెప్టెంబర్ నుంచి ఉన్న నియమం అది.

మన ఊళ్ళో సమగ్ర బీమా తీసుకోవడం మానకండి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చిన మర్నాడు వీధుల్లో చెట్ల కింద నలిగిపోయిన కార్లు చూసినవాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు. ఇంజిన్‌లోకి నీళ్ళు వెళ్తే కవర్ అయ్యే ఇంజిన్ ప్రొటెక్షన్ కూడా కలుపుకోండి. నీళ్ళలో బండి ఆగిపోతే మాత్రం మళ్ళీ స్టార్ట్ చేయకండి, తోయించి బయటికి తెచ్చి మెకానిక్‌ని పిలవండి.

పాత కారు చూస్తున్నవాళ్ళకి ఒక్క మాట. బీచ్ దగ్గర పెరిగిన బండికి తుప్పు కిందనుంచి వస్తుంది. స్టెప్నీ తీసి ఆ గుంట చూడండి, తలుపుల కింది అంచులు, సైలెన్సర్, లిఫ్ట్ మీద ఎత్తించి అడుగుభాగం చూడండి. సీటు బెల్టు చివరిదాకా లాగండి, బురద గీత కనిపిస్తే అది నీట మునిగిన బండి, దండం పెట్టి వచ్చేయండి.

10. డెలివరీ రోజు, మొదటి నెల

పగటి వెలుతురులో తీసుకోండి. టైరు పక్కన నాలుగంకెలుంటాయి, 2325 అంటే 2025లో 23వ వారం తయారైందని. ఐదు టైర్లకీ చూడండి. ఛాసిస్ నంబరు కాగితంలో ఉన్నదీ బండి మీదదీ ఒకటేనా చూడండి. అడుగున తుప్పు పట్టకుండా వేసే కోటింగ్ మన ఊళ్ళో వృథా ఖర్చు కాదు. రుషికొండలో బండి పెట్టి వచ్చిన రోజు ఇంటికి రాగానే మంచినీళ్ళతో చక్రాల లోపలా అడుగునా కడిగేయండి, పైపైన గుడ్డతో తుడిస్తే ఉప్పు పోదు.

కొత్త బండి తీసుకోగానే ఆశీల్‌మెట్ట సంపత్ వినాయకుడి దగ్గర పూజ చేయించి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి, అటునుంచి అటే అందరినీ ఎక్కించుకుని సింహాచలం వెళ్ళాలనిపిస్తుంది. మాకూ అనిపించింది. కానీ మొదటి 1,000 కిలోమీటర్లు ఇంజిన్‌ని మరీ ఎక్కువ తిప్పకుండా, నిండు బరువుతో ఘాట్ ఎక్కించకుండా, ఒకే వేగంతో గంటల తరబడి నడపకుండా చూసుకోవాలి. మేం మొదటి సర్వీస్ అయ్యాక వెళ్ళాం, ఐదుగురం, ఏసీ వేసుకుని. అదే మలుపు దగ్గర నాన్న కిటికీలోంచి ఆ రాయి ఇంకా అక్కడే ఉందా అని చూశారు.